సొంత పాట పది మందికీ చేరాలంటే: ఆడియో వేదికల మీద ప్రచారానికి సమగ్ర మార్గదర్శి

పాట అప్‌లోడ్ చేయడానికి పది నిమిషాలు చాలు. అందుకే చాలామంది మిక్సింగ్ అయిన రాత్రే పాటను ఎక్కించేసి, పొద్దున్నే వాట్సాప్ గ్రూపులన్నిటిలో లింక్ పడేసి, సాయంత్రానికల్లా డీలా పడిపోతారు. బంధువులు దండం బొమ్మలు పెడతారు, స్నేహితులు "సూపర్ బ్రో" అంటారు, ప్లేల సంఖ్య మాత్రం కదలదు. అసలు ప్రచారం పాట విడుదలకు ముందు నెల రోజుల్లోనే జరిగిపోతుంది. విడుదల తర్వాత చేసేదంతా ఆ నెల రోజుల పనికి కొనసాగింపే. ఈ మార్గదర్శి కూడా అదే వరుసలో సాగుతుంది. వెనక సినిమా కంపెనీ, పెద్ద లేబుల్ లేకుండా జానపదమో, భక్తి గీతమో, ర్యాపో, సొంత బాణీయో చేసుకునే వాళ్ళ కోసం ఇది.

1. ఏ వేదిక దేనికో ముందు తేల్చుకోండి

సౌండ్‌క్లౌడ్ 2007లో స్టాక్‌హోమ్‌లో మొదలై బెర్లిన్‌లో స్థిరపడిన వేదిక. మధ్యలో ఎవరి అనుమతీ లేకుండా మీరే నేరుగా పాట పెట్టుకోవచ్చు. బయటికి కనిపించకుండా దాచి, రహస్య లింక్‌తో కొందరికే వినిపించవచ్చు. వినేవాళ్ళు పాటలో ఫలానా సెకను దగ్గర వ్యాఖ్య రాయవచ్చు. కొత్త పాటల కోసం సౌండ్‌క్లౌడ్‌ని తెరిచే తెలుగు శ్రోతలు తక్కువే అని నా అభిప్రాయం. కానీ పాటను తయారు చేసుకునే దశలో దానికి మించిన సాధనం లేదు.

బ్యాండ్‌క్యాంప్ పాటలు అమ్ముకోవడానికి. శ్రోత డబ్బు కట్టి పాట కొనుక్కుంటాడు. డిజిటల్ అమ్మకంలో వాళ్ళ వాటా 15 శాతం. చెల్లింపు రుసుములు పోగా మిగతాది మీదే.

స్పాటిఫై, జియోసావన్, యాపిల్ మ్యూజిక్, అమెజాన్ మ్యూజిక్ లాంటి వాటిలోకి మీరు నేరుగా పాట ఎక్కించలేరు. డిస్ట్రిబ్యూటర్ ద్వారా, అంటే మీ పాటను యాప్‌లన్నిటికీ చేర్చి డబ్బు తెచ్చిపెట్టే సంస్థ ద్వారా వెళ్ళాలి. యూట్యూబ్‌కి రెండు దారులూ ఉన్నాయి. మీ చానల్‌లో వీడియో మీరు పెట్టుకోవచ్చు, యూట్యూబ్ మ్యూజిక్‌లోకి ఆడియో డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్తుంది. తెలుగువాళ్ళు పాట వెతికే మొదటి చోటు యూట్యూబే కాబట్టి దాన్ని వదిలేసి మిగతా అన్నిటిలో ఉన్నా ఫలితం ఉండదు.

ఒకే యాప్‌ని నమ్ముకోవద్దు. గానా 2022లో డబ్బు కట్టేవాళ్ళకే పరిమితమైంది. రెస్సో 2024 జనవరి చివర్లో మన దేశంలో మూతపడింది, అదే ఏడాది వింక్ కూడా వెళ్ళిపోయింది. ప్లేలిస్టులు, ఫాలోవర్లు వాటితోనే పోయారు. ఒరిజినల్ ఆడియో ఫైళ్ళు, పాట కోడ్‌లు, కవర్ బొమ్మ, సాహిత్యం ఒక ఫోల్డర్‌లో పెట్టి రెండు చోట్ల దాచుకోండి.

2. కాగితం పని: పాట ఎవరిది?

అందరూ దాటేసే అడుగు ఇదే. గొడవలన్నీ వచ్చేది కూడా ఇక్కడే.

రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, పాడిందెవరు, ప్రోగ్రామింగ్ చేసిందెవరు, స్టూడియో ఖర్చు పెట్టిందెవరు, ఎవరికి ఎంత శాతం. ఇవన్నీ ఒక పేజీలో రాసి అందరితో సంతకం పెట్టించండి. "మనలో మనకి కాగితాలేంటన్నా" అని ఎవరో ఒకరు అంటారు. అన్నా సరే రాయించండి. పాట ఆడకపోతే ఆ కాగితం ఎవరికీ గుర్తుండదు. ఆడితే మాత్రం దాన్నే వెతుక్కుంటారు.

జానపదం విషయంలో మనవాళ్ళు "సేకరణ" అని ఒక మాట వేసి వదిలేస్తారు. ఊళ్ళో తరతరాలుగా పాడుకునే పాట ఎవరి సొత్తూ కాదు, మీరు చేసిన వాద్య సంయోజన, రికార్డింగ్ మాత్రం మీవి. అయితే ఆ పాట మీకు నేర్పిన అవ్వ పేరు, ఊరు పేరు వివరణలో రాయండి. ఆమె చేత పాడిస్తే డబ్బు ఇవ్వండి, ఇచ్చినట్టు రాసుకోండి. పాతదే అనుకున్న పాటకు రాసినవాళ్ళు బతికే ఉండటం కూడా మన దగ్గర మామూలే. నలుగురిని అడిగి చూసుకోండి.

భక్తి పాటల్లో ఇంకో చిక్కు. త్యాగరాజు 1847లో పోయారు కాబట్టి ఆయన కృతుల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. అన్నమయ్య విషయం అలా కాదు. మాటలు ఐదు వందల ఏళ్ళ నాటివే. కానీ ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. మనం ఇవాళ వింటున్న బాణీల్లో చాలా వరకు రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ వంటివాళ్ళు గత శతాబ్దంలో కట్టినవి. మన చట్టంలో కాపీరైట్ కర్త జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. రాళ్ళపల్లి 1979లో, నేదునూరి 2014లో కన్నుమూశారు. లెక్క మీరే వేసుకోండి. అందుకని అనుమతి తీసుకోండి, లేదా ఆ కీర్తనకు మీ బాణీ మీరే కట్టుకోండి. రెండో పని చేస్తే మీకంటూ ఒక గుర్తింపు కూడా వస్తుంది.

హక్కులు ఎవరివీ కాని కృతి పాడినా యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (పాటల పోలికలు పట్టే యంత్ర వ్యవస్థ) నుంచి క్లెయిమ్, అంటే ఈ పాట మాదేనన్న దావా పడవచ్చు. అదే కృతిని ఏదో ఒక లేబుల్ ముందే రికార్డు చేసి ఉంటుంది, యంత్రం పోలిక చూసి జెండా ఎత్తేస్తుంది. టెన్షన్ పడొద్దు. రచన ఎవరిది, పాడింది ఎవరు, ఎప్పుడు రికార్డు చేశారు అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాసి అభ్యంతరం పెట్టండి.

సినిమా పాటల కవర్లకు ఈ మార్గం పనికిరాదు. యూట్యూబ్‌లో అయితే తరచూ లేబుల్ క్లెయిమ్ వేసి ఆదాయం తను తీసుకుని వీడియోను ఉండనిస్తుంది. స్ట్రీమింగ్ యాప్‌లకు అనుమతి లేకుండా పంపితే పాట తీసేస్తారు, మీ ఖాతా మీద మచ్చ పడుతుంది.

పాట రాసేవాళ్ళు, బాణీ కట్టేవాళ్ళు ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులు కావచ్చు. రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ అది, 1969 నుంచి ఉంది. డిస్ట్రిబ్యూటర్ మీకు తెచ్చేది రికార్డింగ్ మీద వచ్చే డబ్బు. సాహిత్యం, సంగీతం మీద వచ్చే రాయల్టీ వేరే దారిలో వస్తుంది, అది వసూలు చేసేది ఐపీఆర్‌ఎస్. సభ్యత్వం తీసుకుంటే సరిపోదు, ప్రతి పాటనూ విడిగా నమోదు చేయాలి.

3. పేరు, స్పెల్లింగ్

"రవి" అనో "శ్రీకాంత్" అనో ఒక్క పేరుతో విడుదల చేస్తే మీ పాట అదే పేరున్న ఇంకెవరి పేజీలోనో తేలుతుంది. స్పాటిఫైలో దాన్ని సరిచేయించుకునే ఫారం ఉంది, కానీ సరయ్యేలోపు విడుదల వారం గడిచిపోతుంది. ఇంటిపేరు కలపండి, లేదా ఊరి పేరు కలపండి. ముందు అన్ని యాప్‌లలో వెతికి ఆ పేరుతో ఎవరూ లేరని చూసుకోండి. ఆ తర్వాత చుక్కలతో సహా ప్రతిచోటా ఒకేలా రాయండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా రాస్తే రెండు పేజీలు తయారవుతాయి, శ్రోతలు రెండుగా చీలిపోతారు.

పాట పేరు ఇంకా తలనొప్పి. మనవాళ్ళు తెలుగు పాటను ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. "వెన్నెల"లో ఎన్ రెండు సార్లా, ఒకసారా? "బతుకమ్మ"లో టి పక్కన హెచ్ పెట్టాలా వద్దా? మనకు "త" శబ్దానికి టి, హెచ్ కలిపి రాయడం అలవాటు. కీబోర్డులు, యాప్‌లు సూచించే స్పెల్లింగ్ వేరుగా ఉంటుంది. ఇంట్లో వాళ్ళకు, పరిచయస్తులకు పాట పేరు నోటితో చెప్పి ఫోన్‌లో టైప్ చేయమనండి. ఎక్కువమంది ఎలా కొడితే అదే మీ స్పెల్లింగ్. నిఘంటువు లెక్క ఇక్కడ చెల్లదు. తెలుగు లిపిలో పేరు కవర్ మీద, వివరణలో, సాహిత్యంలో ఉండనివ్వండి. యూట్యూబ్ శీర్షికలో మాత్రం రెండు లిపులూ పెట్టవచ్చు.

డిస్ట్రిబ్యూటర్ ఫారంలో భాష గడి ఉంటుంది. అక్కడ తెలుగు ఎంచుకోండి. తొందరలో ఇంగ్లిషో హిందీయో వదిలేస్తే, జియోసావన్ లాంటి యాప్‌లలో తెలుగు పాటలు కావాలని పెట్టుకున్న శ్రోతల దగ్గరికి మీ పాట వెళ్ళే అవకాశం తగ్గిపోతుంది. సాహిత్యాన్ని మ్యూజిక్స్‌మ్యాచ్ అనే పాటల సాహిత్యం సైట్‌లో తెలుగు లిపిలోనే ఎక్కించండి. స్పాటిఫైలో పాటతో పాటు కదిలే అక్షరాలు అక్కడి నుంచే వస్తాయి. మొదటి ప్రయత్నంలో అచ్చుతప్పులు లేకుండా చూసుకోండి, ఒకసారి అన్ని యాప్‌లకూ పాకాక దిద్దడం కష్టం.

4. ఫైల్, కవర్

మాస్టర్‌ని, అంటే పాట తుది రూపాన్ని, నాణ్యత తగ్గని వేవ్ ఫైల్‌గా ఉంచుకోండి. ఎంపీ3 నుంచి వేవ్‌గా మార్చి పంపితే పోయిన నాణ్యత తిరిగి రాదు. బ్యాండ్‌క్యాంప్ అయితే ఎంపీ3 తీసుకోదు కూడా. స్పాటిఫై పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినపడే గట్టిదనపు కొలత) స్థాయికి సర్దుతుంది. మీరు ఎంత గట్టిగా మాస్టర్ చేసినా వాళ్ళు తగ్గించేస్తారు, మిగిలేది నలిగిపోయిన డప్పు మోతే. పీక్, అంటే శబ్దం తాకే గరిష్ఠ స్థాయి, మైనస్ 1 డీబీ దాటకుండా చూసుకోండి. స్టూడియో స్పీకర్లలో కాదు, ఫోన్ స్పీకర్‌లో విని చూడండి, ఆటోలో విని చూడండి. మాట స్పష్టంగా వినపడకపోతే మిక్స్ అవలేదనే అర్థం.

స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. నలభై సెకన్ల వేణువు ఆలాపనతో మొదలుపెడితే సగం మంది పల్లవి వినకుండానే వెళ్ళిపోతారు. పల్లవితో ఎత్తుకోండి, ఆలాపన చరణాల మధ్య పెట్టుకోండి. మీ సంగీత దర్శకుడు ఒప్పుకోకపోవచ్చు, వాదించండి.

కవర్ చతురస్రంగా, 3000 పిక్సెల్స్ వైపుకి చేయించండి. ఫోన్ నంబర్లు, వెబ్ అడ్రసులు, ఇన్‌స్టా పేర్లు దాని మీద రాస్తే తిప్పి పంపుతారు. మన ఫ్లెక్సీ అలవాటు కొద్దీ పదహారు ఫొటోలు పెట్టకండి. తెలుగు అక్షరాల్లో ఒత్తులు, గుడులు చిన్న సైజులో కలిసిపోతాయి. రామభద్ర లాంటి లావుపాటి ఖతి వాడండి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫోన్‌లో బొటనవేలి గోరంత సైజులో పెట్టి చూసినా పేరు చదవగలగాలి.

5. సౌండ్‌క్లౌడ్‌లో రహస్య వినికిడి

ఇప్పుడు పాటను సౌండ్‌క్లౌడ్‌లో ప్రైవేట్‌గా పెట్టండి. లింక్‌ను నమ్మకమైన కొద్దిమందికి ఒక్కొక్కరికీ విడిగా పంపండి. గ్రూపులో వేయొద్దు, గ్రూపులో మొదటివాడు "బాగుంది" అంటే మిగతా అందరూ అదే అంటారు. "ఎలా ఉంది?" అని అడగకండి. "ఎక్కడ బోర్ కొట్టింది? ఏ మాట అర్థం కాలేదు? ఆ సెకను దగ్గరే రాయండి" అని అడగండి. ముగ్గురు ఒకే చోట ఆగితే ఆ చోటు మార్చండి. ఒక్కడే ఆగితే అది అతని అభిరుచి అనుకుని ముందుకెళ్ళండి.

వాట్సాప్‌లో ఎంపీ3 ఫైల్ మాత్రం పంపకండి. చేతులు మారుతూ పోయిన ఫైల్‌కి లెక్క ఉండదు, విడుదలకు ముందే వేరే చానల్‌లో వేరే పేరుతో కనిపించవచ్చు.

ఇంకో జాగ్రత్త. చాలా డిస్ట్రిబ్యూటర్లు సౌండ్‌క్లౌడ్‌కి కూడా పాట పంపుతారు. మీరు స్వయంగా పెట్టిన కాపీ, వాళ్ళు పంపిన కాపీ రెండూ తగులుకుని మీ పాట మీదే మీకు కాపీరైట్ నోటీసు రావచ్చు. ఎక్కడి నుంచి పెడతారో ముందే నిర్ణయించుకుని రెండోది ఆపేయండి.

6. డిస్ట్రిబ్యూటర్, తేదీ

డిస్ట్రోకిడ్ లాంటివి ఏటా చందా తీసుకుంటాయి, చందా ఆపేస్తే పాటలు దిగిపోవచ్చు. సీడీ బేబీ లాంటివి విడుదలకు ఒకసారే తీసుకుంటాయి. ఉచితంగా పంపి ఆదాయంలో వాటా తీసుకునేవి కూడా ఉన్నాయి. ఏడాదికి ఒకటి రెండు పాటలే చేసేవాళ్ళకు ఒకసారి కట్టే పద్ధతి నయం. నెలకో పాట వదిలేవాళ్ళకు ఏడాది చందా గిట్టుబాటవుతుంది.

ప్రతి రికార్డింగ్‌కి 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వస్తుంది. పాటకు ఆధార్ నంబర్ అనుకోండి. దాన్ని రాసి దాచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

తేదీకి కనీసం మూడు నాలుగు వారాల ముందు పాట డిస్ట్రిబ్యూటర్ చేతికి వెళ్ళాలి. పండగ పాటలు చేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. బతుకమ్మ పాటే తీసుకోండి. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు. ఆ రోజు పాట వదిలితే అప్పటికే ఆడవాళ్ళు ఏ పాటకు ఆడాలో తేల్చేసుకుని ఉంటారు. పండగకు పది పన్నెండు రోజుల ముందు పాట బయట ఉండాలంటే, శ్రావణ మాసం చివరికే డిస్ట్రిబ్యూటర్‌కి చేరాలి. వినాయక చవితికి ఇంకా మిక్సింగ్‌లో ఉన్నారంటే ఆలస్యమైనట్టే. బోనాల పాటలకైతే ఆషాఢం మొదలవకముందే బయట ఉండేలా లెక్క వేసుకోండి. పండగ పాటతో లాభం ఏమిటంటే అది ఏటా తిరిగొస్తుంది, కాబట్టి మొదటి ఏడాది లెక్కలు చూసి నిరాశపడక్కర్లేదు. పండగ పాట కాకపోతే సంక్రాంతి ముందు వారాలు వదిలేయండి. పెద్ద సినిమాల పాటల హోరులో మీది వినపడదు.

7. ఎడిటర్లకు పాట పంపడం

డిస్ట్రిబ్యూటర్ పంపిన పాట స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో (కళాకారుల కోసం స్పాటిఫై ఇచ్చే ఖాతా) "రాబోయేది" అని కనిపిస్తుంది. అక్కడి నుంచి వాళ్ళ ప్లేలిస్ట్ ఎడిటర్లకు ఉచితంగా పంపవచ్చు. విడుదల కాని పాటకే ఈ అవకాశం, వదిలేశాక లేదు. కనీసం ఏడు రోజుల ముందు పంపితే, ఎడిటర్లు తీసుకోకపోయినా మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ళ రిలీజ్ రాడార్‌లోకి, అంటే కొత్త పాటలతో స్పాటిఫై ఒక్కొక్కరికీ తయారుచేసే ప్లేలిస్ట్‌లోకి, ఆ పాటే వెళ్తుంది. దీనికోసమైనా గడువు తప్పకూడదు.

వివరణకు 500 అక్షరాలే ఇస్తారు. "హృదయాన్ని తాకే మధుర గీతం" అని రాస్తే ఎడిటర్‌కి ఏమీ తెలియదు. "సిరిసిల్ల నేత కార్మికుల మీద పాట. డప్పు, తంబూర మాత్రమే వాడాం. పాడింది మొదటిసారి స్టూడియోకి వచ్చిన గాయని. ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవానికి విడుదల" అని రాస్తే ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఊరు, వాద్యాలు, సందర్భం, మీరు చేయబోయే ప్రచారం ఉంటే చాలు.

8. విడుదల వారం

యాప్‌లన్నిటి లింకులూ ఉన్న ఒక్క పేజీ చేసుకుని దాన్నే పంపండి. ఏడు లింకుల మెసేజ్‌ని ఎవరూ తెరవరు.

రీల్స్‌కి ముక్క మీరే ఎంచండి. డిస్ట్రిబ్యూటర్ ఇన్‌స్టాగ్రామ్ లైబ్రరీకి పాట పంపేటప్పుడు ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే వీలుంటే వాడుకోండి. స్టెప్పు వేయగలిగే చోటో, జనం పెదవి కదపగలిగే మాటో ఉన్న పదిహేను సెకన్లు. మొదట మీరే నాలుగైదు రకాలుగా చేసి పెట్టండి. పొలంలో ఒకటి, వంటింట్లో ఒకటి, స్టూడియోలో తప్పు పాడిన టేక్ ఒకటి. బాగా తీసిన లిరికల్ వీడియో కంటే ఆ తప్పు టేకే ఎక్కువ తిరిగినా ఆశ్చర్యపోకండి.

జానపదానికి, ముఖ్యంగా తెలంగాణలో, డీజేలే అసలైన ప్రచారకులు. బారాత్‌లో ఒక్కసారి మోగిన పాట గురించి మర్నాడు పదిమంది వెతుకుతారు. గొంతు ట్రాక్, వాద్య ట్రాక్ విడివిడిగా సౌండ్‌క్లౌడ్‌లో ప్రైవేట్‌గా పెట్టి, డౌన్‌లోడ్ తెరిచి మీకు తెలిసిన డీజేలకు ఇవ్వండి. ఒక్క షరతు రాతపూర్వకంగా పెట్టండి. రీమిక్స్ వాయించుకోవచ్చు, కానీ డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదల చేయకూడదు, కంటెంట్ ఐడీలో నమోదు చేయకూడదు. లేకపోతే రీమిక్స్ చేసినవాళ్ళ క్లెయిమ్ వచ్చి మీ అసలు పాట మీద పడుతుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళను మరవకండి. తెలుగు ఇంటర్నెట్ రేడియోలు, పండగ సభలు జరిపే సంఘాలు కొత్త పాట కోసం చూస్తూనే ఉంటాయి. పాట లింక్, రెండు పేరాల పరిచయం, ఒక ఫొటో కలిపి ఈమెయిల్ చేయండి. వేదిక మీద పిల్లలు నాట్యం చేసుకోవడానికి అనుమతి ఇస్తున్నామని ఒక వాక్యం చేర్చితే పని సులువవుతుంది.

9. కొన్న ప్లేలు

"పది వేల స్ట్రీమ్స్, ఇంత రేటు" అని టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది. జవాబివ్వకండి. 2024 నుంచి స్పాటిఫై దొంగ స్ట్రీములు ఎక్కువగా పట్టుబడిన పాటలకు లేబుళ్ళ మీద, డిస్ట్రిబ్యూటర్ల మీద జరిమానా వేస్తోంది, అది తిరిగి మీ నెత్తినే పడవచ్చు. పాట తీసేస్తారు. ఒకవేళ దొరక్కపోయినా, తెలుగు రాని బాట్లు (మనుషుల్లా నటించే ప్రోగ్రాములు) విన్న పాటను యాప్ తెలుగు రానివాళ్ళకే సూచిస్తూ పోతుంది. "గ్యారంటీగా ప్లేలిస్ట్‌లో పెడతాం" అని డబ్బు అడిగేవాళ్ళూ ఈ కోవలోకే వస్తారు.

10. డబ్బు

స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1000 ప్లేలు రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు. 2024లో తెచ్చిన నియమం ఇది. దానివల్ల పది పాటలు వరుసగా పడేయడం కంటే ఒక్క పాటను ఆ గీత దాటించడం మీద శ్రమ పెట్టడమే నయం.

మిమ్మల్ని నిజంగా ఇష్టపడేవాళ్ళు వంద మంది ఉన్నా బ్యాండ్‌క్యాంప్ పేజీ తెరవండి. "మీకు తోచినంత ఇవ్వండి" అనే ధర పెట్టి, కింద కనీస ధర ఒకటి పెట్టండి. మేనత్త కొడుకు డాలస్ నుంచి కనీసం కంటే ఎక్కువే ఇస్తాడు. కొన్నవాళ్ళ ఈమెయిళ్ళు మీకు అందుతాయి, తర్వాతి పాటకు అవే పెట్టుబడి. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేల్లో వాళ్ళు తమ వాటా వదులుకుంటారు, తేదీలు చూసుకుని ఆ రోజు విడుదల చేయండి. డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది.

యూట్యూబ్ ఆదాయం మొదలైతే ఖాతాలో అమెరికా పన్ను ఫారం నింపండి, పాన్ నంబర్ చాలు. నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోత పడవచ్చు. నింపితే అమెరికా నుంచి చూసినవాళ్ళ వాటా మీద మాత్రమే, రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం. అమెరికాలో తెలుగువాళ్ళు ఎక్కువ కాబట్టి మనకు ఇది చిన్న మొత్తం కాదు.

డిస్ట్రిబ్యూటర్ నచ్చక మారాలనుకుంటే, అదే ఆడియో ఫైల్, అవే పేర్లు, అదే ఐఎస్‌ఆర్‌సీతో కొత్తవాళ్ళ దగ్గర ఎక్కించండి. అప్పుడే పాత ప్లేల లెక్క పాటతో పాటు వస్తుంది. కొత్త కాపీ అన్ని యాప్‌లలో కనిపించాకే పాతవాళ్ళను పాట తీసేయమని అడగండి.